ఆరాధన మన కానుకతో, సేవ ఎవరి డబ్బుతో?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. నెలలో మొదటి ఆదివారం గనుక చాలా సంఘాల్లో ప్రభు బల్ల ఉంటుంది. విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాల విశ్వాసులు తెల్లబట్టలు కట్టుకొని బయలుదేరవలసిన వేళకు బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. ఆ బ్యారేజీ కట్టిన తరువాత అంత ప్రవాహం ఎన్నడూ లేదు. మేడల మీద చంటిపిల్లలతో కూర్చున్నవారికి పాలు, మంచినీళ్లు అందడానికి రోజులు పట్టింది.

ఆ వారం నాకు వచ్చిన ఫోన్లలో ఒకే ప్రశ్న పదేపదే వినిపించింది. “అయ్యగారూ, వచ్చే ఆదివారం ఆరాధన మాని సహాయానికి వెళ్లవచ్చా? అది తప్పవుతుందా?” నేను పెద్దగా ఆలోచించకుండానే వెళ్లమన్నాను. విశ్రాంతిదినాన గుంటలో పడిన ఎద్దును పైకి తీయరా అని ప్రభువే అడిగిన తరువాత మేడ మీద చిక్కుకున్న మనిషి గురించి చర్చ ఏముంటుంది? నిజానికి అడిగినవారిలో చాలామంది అప్పటికే వంటపాత్రలు ఆటోల్లో ఎక్కించేశారు. అనుమతి కోసం కాదు, ఆశీర్వాదం కోసం ఫోన్ చేశారంతే. ఆపద వేళ మన సంఘాలు తలుపులు వేసుకొని కూర్చోవు. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చిన తరువాతి రోజుల గురించి మన పెద్దలు చెప్పే మాటలు విన్నవారికి ఈ సంగతి కొత్త కాదు.

అయితే ఆ ఏడాది అక్టోబర్ వచ్చేసరికి ఆ ప్రశ్న అడిగేవారే లేరు. నీళ్లు తీశాయి, బురద ఎండింది, మనం మన ఆరాధనలకు వచ్చేశాం. ఆరాధన, సేవ ఈ రెండింటి సమతూకం గురించి ఇప్పుడు రాస్తున్నానంటే ఆ వరద వారం గురించి కాదు. మిగతా 51 వారాల గురించి.

ఇటీవల ఒక సంఘ కమిటీ సమావేశానికి అతిథిగా వెళ్లాను. ఊరు, పేరు అనవసరం. మంచి సంఘం, ప్రార్థన ఉన్న సంఘం. కోశాధికారి గారు ఏడాది లెక్కలు చదివారు. కాపరి జీతం, కరెంటు బిల్లు, మిక్సర్ మరమ్మతు, కొత్త స్పీకర్లకు కొటేషన్, ఉజ్జీవ సభల పందిరి, ప్రసంగీకుల ప్రయాణ ఖర్చులు, క్రిస్మస్ అలంకరణ, యూట్యూబ్ ప్రసారానికి కెమెరా. ఒక్కొక్కటీ అవసరమే, కాదనను. చివరికి “దీనుల సహాయం” అని ఒక పద్దు వచ్చింది. దాని ఎదుట కాగితం ఖాళీగా ఉంది. కోశాధికారి గారు ఏ మాత్రం తడబడకుండా వివరణ ఇచ్చారు. “అది ఇంతకు ముందు సంస్థవాళ్లు చూసుకునేవారండీ. ఇప్పుడు వాళ్లకు ఫండ్స్ రావడం లేదు.”

ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఆయన అబద్ధం చెప్పలేదు. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశంలో పని ఆపేసింది. అప్పటికి ఆ సంస్థ సాయం అందుకుంటున్న పిల్లలు 1,40,000 మందికి పైనే. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి సవరణ వచ్చింది. విదేశీ విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. కార్యాలయ నిర్వహణ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అన్నిటికంటే గట్టి దెబ్బ మరొకటి. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. చిన్న ఊళ్లోని హాస్టల్‌కో కుట్టు శిక్షణ కేంద్రానికో డబ్బు ఎక్కువగా ఆ దారినే వచ్చేది. పెద్ద సంస్థ తెచ్చేది, చిన్న సంస్థకు పంచేది. ఆ కాలువ మూతపడింది. 2024 తొలి నెలల్లో వరల్డ్ విజన్ ఇండియా, కాసా వంటి సంస్థల రిజిస్ట్రేషన్లనే కేంద్రం రద్దు చేసింది. తుఫాను వచ్చిందంటే ముందుగా వినిపించే పేర్లలో కాసా ఒకటని కోస్తా ఊళ్లవారికి చెప్పనక్కరలేదు.

ఈ చట్టం అమలు తీరు మీద నాకు అభ్యంతరాలున్నాయి. ఈ పేజీలోనే రాశాను, మళ్లీ రాస్తాను కూడా. కానీ ప్రభుత్వాన్ని ప్రశ్నించడం అయిపోయాక మన వంక కూడా ఒకసారి చూసుకోవాలి. ఆ డబ్బు ఆగిపోతే ఆరాధన ఎక్కడైనా ఆగిందా? పాటలు ఆగలేదు, సభలు ఆగలేదు, గుడికి రంగులు వేయడం ఆగలేదు. ఆగింది విధవరాలికి అందే బియ్యం, పిల్లల హాస్టల్, మందుల డబ్బు. కారణం చాలా తేలిక. ఆరాధనకు మన కానుకలు ఖర్చు పెట్టుకున్నాం. సేవను పరాయివారి కానుకలకు వదిలేశాం. మిషనరీల కాలం నుంచీ అలాగే నడిచింది. ఆసుపత్రి వాళ్లది, బడి వాళ్లది, అనాథాశ్రమం వాళ్లది. పాటలు మనవి, ప్రార్థనలు మనవి. వాళ్లు వెళ్లిపోయిన తరువాత ఆ చోటును సంస్థలు పట్టాయి. ఇప్పుడు సంస్థలూ వెళ్లిపోతుంటే సేవ అనే పద్దు మనదని మనకే గుర్తు లేదు.

అసలు మన క్రైస్తవ తెలుగులో “సేవ” అన్న మాటే చిక్కిపోయింది. “మా అబ్బాయి సేవలో ఉన్నాడండీ” అంటే బోధకుడయ్యాడని అర్థం. “సేవకులు” అంటే పాస్టర్లు. “సేవకు కానుక ఇవ్వండి” అంటే మీటింగులకు ఇవ్వమని. బావికాడ పక్కింటి ముసలమ్మకు బిందె ఎత్తిపెట్టిన విశ్వాసి సేవలో ఉన్నాడని మనలో ఎవరూ అనరు. నేనూ అనను, అలవాటు లేదు.

సెమినరీలో గ్రీకు చదివిన రోజుల్లో ఒక మాట నన్ను ఆపేసింది. “లైతూర్గియా” అనే మాట ఉంది. ఆరాధన క్రమాన్ని లితుర్గీ అంటున్నది దాని నుంచే. యాజకుడు దేవాలయంలో చేసే పనికి లూకా ఆ మాట వాడాడు, జెకర్యా విషయంలో. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక తొమ్మిదవ అధ్యాయానికి వస్తే పౌలు అదే మాటను దేనికి వాడాడో చూడండి. యెరూషలేములోని బీదల కోసం పోగుచేస్తున్న చందాకు. మన దృష్టిలో అది రిలీఫ్ ఫండ్. పౌలు దృష్టిలో అది దేవుని సన్నిధిలో యాజకుని పని. ఆ చందా బీదల అక్కర తీర్చడంతో ఆగదనీ, దేవునికి కృతజ్ఞతాస్తుతులుగా పొంగుతుందనీ అక్కడే అంటాడు. మొదటి పత్రిక పదహారవ అధ్యాయంలో ఆ డబ్బు ఎప్పుడు తీసిపెట్టాలో కూడా చెప్పాడు: వారంలో మొదటి దినాన. అంటే మనం కూడుకునే రోజునే.

రెండవ శతాబ్దంలో రోమాలో జస్టిన్ అనే విశ్వాసి చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారపు కూడిక ఎలా సాగేదో వర్ణించాడు. లేఖనాలు చదవడం, ఉపదేశం, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం. తరువాత కలిగినవారు ఇచ్చిన కానుక అధ్యక్షుని దగ్గర ఉంచుతారు. దానితో ఆయన అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, ఊరికి కొత్తగా వచ్చిన పరదేశులను చూసుకుంటాడు. ఆ వర్ణనలో కానుక ఎవరికి వెళ్లిందన్న సంగతి కూడా ఆరాధన క్రమంలో భాగంగానే వచ్చింది. మన బులెటిన్లో కానుకల తరువాత ఏమి వస్తుంది? ప్రకటనలు.

ఇక్కడ కొందరు సహోదరులు అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తెరుస్తారని తెలుసు. అపొస్తలులు తాము వాక్యాన్ని విడిచి భోజనపు బల్లల దగ్గర సేవ చేయడం తగదని అన్నారు కదా, కాబట్టి వాక్యం పై మెట్టు, వడ్డన కింది మెట్టు అని. ఈ ప్రసంగం నేనూ చేశాను, పాతికేళ్ల క్రితం, చాలా ధైర్యంగా. అక్కడ ఉన్నది పని విభజన మాత్రమే. వడ్డనకూ వాక్య పరిచర్యకూ లూకా వాడిన గ్రీకు మాట ఒక్కటే, “దియాకొనియా”. వడ్డించడానికి ఏరుకున్నది ఖాళీగా ఉన్నవారిని కాదు, ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవారిని. వారి మీద చేతులుంచి ప్రార్థించారు. మన సంఘంలో ప్రేమవిందుకు వడ్డించేవారి మీద ఎవరైనా చేతులుంచి ప్రార్థించడం చూశారా? మార్త, మరియల మీద మగవాళ్లం వేదిక మీద నుంచి గంటసేపు ప్రసంగిస్తాం. ఆ సమయానికి మా అమ్మల్లాంటి వాళ్లు వెనక పొయ్యిల దగ్గర అన్నం వారుస్తూ ఉంటారు. మరియను మెచ్చుకొని, మార్త వండింది తిని ఇంటికి వెళ్తాం.

మరో అభ్యంతరం ఉంది. దాన్ని నేను తేలికగా తీసుకోను. “సేవ సేవ అంటూ పోతే సంఘం ఒక ఎన్జీఓ అయిపోతుంది, ప్రార్థన ఎండిపోతుంది” అని. అది నిజమే. నాకే జరిగింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో అల విరుచుకుపడినప్పుడు మేము కొందరం పగలు ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఫోన్లు, రాత్రి సమాధి ఏర్పాట్లు. దాదాపు రెండు నెలలు. జూన్‌లో ఒక ఉదయం మోకాళ్లూనితే నోట మాట రాలేదు. ఎవరి మీదనో కోపం. సాయం అందుకొని కృతజ్ఞత చూపనివారి మీద, సాయానికి రానివారి మీద, కొంత దేవుని మీద కూడా. ఆ కోపాన్ని సేవ అనుకొని మరికొన్నాళ్లు మోశాను. నన్ను నిలబెట్టింది ఒక చిన్న గ్రామ సంఘం. వాళ్ల శుక్రవారం ప్రార్థనలో వెనక వరుసలో కూర్చొని, ప్రసంగించకుండా, పాడుతుంటే వింటూ గడిపిన నాలుగైదు వారాలు. అప్పటి నుంచి ఆరాధన లేని సేవ గురించి ఎవరు హెచ్చరించినా నేను వింటాను.

ఆరాధన ఎండిన సేవకు ఇంకొక గుర్తు కూడా ఉంది. ఫ్లెక్సీ. పులిహోర పొట్లం మీద సంఘం పేరు, కాపరి ఫోటో, కింద యూట్యూబ్ ఛానెల్. వరదలో నడుము లోతు నీళ్లలో నిలబడి చేయి చాపిన మనిషి ముఖాన్ని ఫోన్లో పట్టి గ్రూపుల్లో పంపుకున్నాం. ఆ మనిషికి కుటుంబం ఉంటుంది, పరువు ఉంటుంది. ఎడమచేతికి తెలియనివ్వవద్దన్న ప్రభువు మాట లైవ్ ప్రసారానికి వర్తించదా?

సహాయాన్ని ఎరగా వాడుతున్నారన్న నింద మన మీద ఎప్పుడూ ఉంటుంది. ఈ విషయంలో మన నేల మీదే జరిగిన ఒక సంగతి ప్రతి సంఘానికీ తెలియాలి. 1876–78 మధ్య ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నారు. భూమి కొలతల పని తెలిసిన మనిషి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. ఆ పనిలో ఉన్నవారు వేలల్లో బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. బియ్యం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, వాళ్లకే ఆ సందేహం మిగలకూడదని. సాయం ముగిసిన తరువాత కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ఆ అంకె మాత్రం ప్రసంగాల్లో చెప్పుకుంటాం. దాని ముందున్న నిరాకరణను చెప్పుకోం.

మెదక్ సంగతి వేరు. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయిన ఆ మహాదేవాలయానికి 2024 క్రిస్మస్ నాటికి నూరేళ్లు నిండాయి. బుడమేరు వరద వచ్చిన ఏడాదే. 175 అడుగుల గోపురం చూసి ఇంత ఖర్చు బీదలకు పెట్టకూడదా అని అడగడం తేలిక. కానీ కరువు రోజుల్లో ఆ కట్టడమే చుట్టుపక్కల ఊళ్లవారికి పని, కూడు. రాయి మోసినవాడు సాయంత్రం అన్నం తిన్నాడు, తరువాత ఆ రాళ్ల మధ్యే నిలబడి పాడాడు. అందుకే గుడి కడితే దండగ, సాయం చేస్తేనే పుణ్యం అనే వాదన నాకు మింగుడు పడదు. గుడి కట్టేటప్పుడు ఎవరు తిన్నారన్నది నా ప్రశ్న. ఈ రోజు మన ప్రార్థనా మందిరాల స్లాబు వేసే కూలీలకు సాయంత్రానికి కూలి ముడుతోందా? ముట్టడం లేదని నాకు చెప్పిన మేస్త్రీలు ఉన్నారు. యాకోబు పత్రిక ఐదవ అధ్యాయం ప్రతిష్ఠ రోజున చదివితే బాగుంటుంది.

“మాది బీద సంఘమండీ, మాకే ఎవరైనా చేయాలి” అనే మాట గ్రామాల్లో వింటాను. కొట్టిపారేయలేను. మన సంఘాల్లో అత్యధికులు మాల మాదిగ పల్లెలవారు, రోజు కూలికి వెళ్లేవారు. క్రైస్తవులన్న కారణంతో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద షెడ్యూల్డు కులాల హోదా దక్కనివారు. సేవ అంటే కలిగినవాడు లేనివాడికి చేసేదన్న బొమ్మ మిషన్ కాంపౌండు నుంచి మనకు వచ్చింది. పౌలు చందా విషయంలో మెచ్చుకొని చూపించినవి మాసిదోనియ సంఘాలను, నిరుపేదలను. మా వేలు విడిచిన మేనత్త ఒకామె ఉండేది. ఏ పూట వండినా ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి. ఆ అలవాటు మన పల్లెల్లో ఎన్నో ఇళ్లలో ఉండేది. మిజోరం సంఘాలు 1910 నుంచి ఈ పిడికెడు బియ్యాన్ని వదలకుండా కొనసాగించి, ఏటా కోట్ల రూపాయల పరిచర్యకు పెంచుకున్నాయి. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య గ్రామ సంఘాలకు ఇవ్వడం నేర్పినవారు. క్రైస్తవ దాతృత్వం మీద పుస్తకమే రాశారు. ఆయన విశ్వాసులు భాగ్యవంతులేమీ కారు. మనం డిజిటల్ కానుకకు క్యూఆర్ కోడ్ పెట్టుకున్నాం, కుండ పోయింది. కుండలో ఉన్న మేలు ఏమిటంటే అది వంటింట్లో ఉండేది. ఆకలి సంగతి పూటపూటా గుర్తుచేసేది.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఆరాధన తగ్గించమని అడగడం లేదు. మొదటి ఆదివారం ప్రభు బల్ల నాటి కానుక మొత్తం ఊళ్లోని దీనులకని ప్రకటించండి, విశ్వాసులైనా కాకపోయినా. బల్ల దగ్గరే ఎందుకంటే, కొరింథులో కొందరు ఆకలితో, కొందరు మత్తుతో ఆ బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు అది ప్రభువు భోజనమే కాదని పౌలు చెప్పాడు గనుక. ఆ డబ్బు ఎవరికి వెళ్లిందో పేర్లు చెప్పకుండా మరుసటి నెల ప్రార్థనలో తలుచుకోండి. చట్టానికి ఇందులో చిక్కేమీ లేదు, ఢిల్లీలో ఖాతా అక్కరలేదు. మన రూపాయి, మన ఊరు.

నేను అతిథిగా వెళ్లిన ఆ సంఘ కమిటీలో ఈ మాటే పెట్టాను. పెద్దలు శ్రద్ధగా విన్నారు. ఒకాయన మంచి ఆలోచన అన్నారు. మరొకాయన, మొదటి ఆదివారం కానుకే ఎక్కువ వస్తుందండీ, మూడో ఆదివారం పెట్టుకుందామా అన్నారు. చర్చ వచ్చే సమావేశానికి వాయిదా పడింది. స్పీకర్ల కొటేషన్ మాత్రం ఆ రోజే ఆమోదం పొందింది.